తోక కొస పట్టుకున్నదెవరు?

బేతంచెర్ల,
ఫిబ్రవరి, 1924

ప్రియమైన రూతమ్మకు, నీ పెనిమిటి లేవి ప్రభువు పేరట వందనాలు చెప్పి రాసేది.

లోకంలో మొట్టమొదట తోలు పని చేసింది ఎవరు? చెప్పు చూద్దాం! ఊరి పెద్దలను అడిగితే మన గేరి వైపు వేలు చూపించి ముక్కు మూసుకుంటారు. కాదు! ఏదెను తోటలో ఆదాము, అవ్వ సిగ్గుతో వణుకుతూ నిలబడితే వాళ్ళకు తోలు చొక్కాలు తొడిగింది దేవుడు. మనుషులు కుట్టుకున్నవి ఆకులు, సాయంత్రానికి వాడిపోయాయి. దేవుడు కుట్టింది తోలు. నిన్న మన గేరివాళ్ళం కూలికి వచ్చిన ఈ నాపరాళ్ళ గనిలో ఈ మాట గట్టిగా అడిగాను. మన కులం అడిగి నవ్విన మేస్త్రీ నవ్వు సగంలో ఆగిపోయింది.

కాబట్టి ఇంట్లో ఉన్న ఆ దున్నపోతు తోలును వట్టి తోలనుకోవద్దు. ఊరి బావిలో మన చేద మునగనివ్వరు, పైనుంచి పోస్తే దోసిలి పట్టాలి. అందుకే గదా గేరి అంతా కలిసి మన మిట్ట చేనిలో మన బావి మనం తవ్వుకున్నది. బండ పగిలింది, చెమ్మ తగిలింది, నీళ్ళు మాత్రం ఇంకా రాలేదు. వస్తాయి. వచ్చిన రోజున ఎద్దులు లాగే కపిల కట్టి, ఆ తోలుతో నీళ్ళు తోడే బాన కుట్టి, చేను తడిపితే మనలో ఒక్కరు కూడా గనులకూ మిల్లులకూ పోనక్కర లేదు. కరువుకు పశువులన్నీ పోయాయి. అంత పెద్ద తోలు మళ్ళీ మన చేతికి రాదు.

మరచిపోతావని మళ్ళీ చెబుతున్నాను. ప్రాణం పోయినా మడత పెట్టవద్దు. మడత పడిన చోట లోపలి నార విరుగుతుంది. పైకి కనబడదు. బాన నిండి పైకి వస్తుంటే సరిగ్గా అక్కడే కారుతుంది. గుండ్రటి వేపదుంగకు, నునుపు ముఖం బయటికి ఉండేట్టు వదులుగా చుట్టు. నీ పాత నూలుచీర కప్పి రెండు పంగల కొయ్యల మీద ఉంచు. నేల తగలకూడదు, గోడ తగలకూడదు. పొయ్యి దగ్గర అసలే వద్దు. పొగ తగిలిన తోలుతిత్తి లాగా అయిపోయానని కీర్తనకారుడు ఊరికే ఏడ్చాడా? ఎండ వద్దు. నీళ్ళు ఒక్క చుక్క కూడా తగలనివ్వవద్దు. ఉప్పు చల్లవద్దు. మనం లోకానికి ఉప్పు అని నేను ప్రసంగం చేసినంత మాత్రాన ప్రతిదాని మీదా చల్లమని కాదు. పచ్చితోలుకు ఉప్పు ప్రాణం, లంద తొట్టిలో ఊరి పండిన తోలుకు అదే చెమ్మ తెచ్చే శత్రువు. పక్షానికొకసారి నీడలో విప్పి, గాలి ఆడనిచ్చి, కానుగ నూనె అంటీ అంటనట్టు రాసి, ఈసారి రెండో కొస నుంచి చుట్టు.

ఇది ఒక్కరి పని కాదు. మెడ కొస నువ్వు పట్టుకో, తోక కొస అమ్మ పట్టుకుంటుంది. ఇద్దరూ బిగువుగా పట్టి కదిలితేనే అంత తోలు లొంగుతుంది. ఒక్కరే లాగితే నడుమ కుంగి మడత పడుతుంది.

అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బాప్తిస్మంలో పాస్టరు అన్నమ్మ అని పేరు పెడితే "పలికేది నేను గదప్పా, నా పేరు నాకు ఇడిసిపెట్టు" అని హనుమమ్మగానే మిగిలిన మనిషి. ఆమె మొండితనమే ఆ తోలుకు కాపలా. నీకు రూతు అని పేరు పెట్టింది నేనే. అత్తను విడవని కోడలి పేరు అది. నిలబెట్టుకో.

ఇట్లు,
రాళ్ళ మధ్య నీ లేవి

*

కోసిగి,
మార్చి

ప్రియమైన నా పెనిమిటికి, రూతు చేతిరాత. తప్పులుంటే నువ్వే దిద్దుకో, అక్షరాలు నేర్పింది నువ్వే.

తోలు విప్పి చుట్టాం. నేను మెడ కొస, అత్త తోక కొస. పక్కింటి అయ్యన్న పెండ్లాం ఉరుకుందమ్మ నడుమ చేయి వేసింది. అత్త నన్ను తిట్టిన తిట్లకు తోలే మెత్తబడింది. "గట్టిగా పట్టుమ్మే, అది దున్నపోతు, నీ మొగుడు కాదు, నీ మాట ఇనేదానికి" అంటుంది. ఉరుకుందమ్మ నవ్వి నవ్వి చేయి వదిలేసింది. దానికీ తిట్లు పడ్డాయి.

అత్త రోజూ పొద్దున్నే బావి కాడికి పోయి ఒక గులకరాయి వేస్తుంది. టక్కుమంటుంది. "థూ, సోంబేరీ! ఇంగా నిద్దరేనా?" అని బావిని తిట్టి ఇంటికి వస్తుంది. ప్రార్థన చెయ్యి అత్తా అంటే, "నీ మొగుడు ప్రార్థన సేస్తాండాడు గదా. తిట్టేటోళ్ళు ఒకరన్నా ఉండల్ల" అంటుంది.

ఆదోని తోళ్ళ వ్యాపారి ఖాసిం సాహెబ్ బండి కట్టుకుని వచ్చినాడు. తోలు మీద అరచెయ్యి పెట్టి కాసేపు తీయలేదు.

"సుభానల్లా! ఇంత పెద్దది, యాడా గాటు ల్యాదు. ఇచ్చెయ్ అమ్మా. దుడ్లు వద్దంటే జొన్నలు దించుతా, ఇప్పుడే, బండిలోనే ఉండాయి."

నా కళ్ళు బండి వైపు పోయిన మాట నిజం. అత్త చూసింది.

"జొన్నలు తింటే అయిపోతాయి సాయిబూ" అంది.

"నీళ్ళు ల్యాని బావికి బానెందుకు అవ్వా? ఆలు ల్యాదు సూలు ల్యాదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టుండాది."

"ఆలు ఇదో, ఈ తోలే. సూలు బావి కడుపులో ఉండాది. కానుపు కావల్ల, అంతే."

సాహెబ్ గడ్డం నిమురుకుని నవ్వినాడు. పోతూ పోతూ, "నూనె ఎక్కువ రాయకండి, ఎలుకలు వస్తాయి" అని చెప్పిపోయినాడు. కొనని సరుకుకు జాగ్రత్త చెప్పిన వ్యాపారిని నేను ఇప్పుడే చూడటం.

అయ్యన్నవాళ్ళు ఆదోని దూది మిల్లుకు పోదామని అనుకుంటున్నారు. ఇదివరకు సాయంత్రం గేరిలో పొగలు చూస్తే ఎవరి పొయ్యిది ఏదో తెలిసేది కాదు. ఇప్పుడు తెలుస్తోంది.

ఇట్లు,
నీ రూతు

*

బేతంచెర్ల,
ఏప్రిల్

ప్రియమైన రూతమ్మకు,

నీ జాబు మనవాళ్ళందరికీ చదివి వినిపించాను. బావి కానుపు మాట దగ్గర గని అంతా నవ్వింది. ఖాసిం సాహెబ్ చెప్పింది నిజమే, నూనె తగ్గించు.

ఇక్కడ మేస్త్రీ ఇంటికి కొత్తగా నాపరాళ్ళ నేల పరిచారు. అద్దంలా ఉంటుంది. ఆయన తన తోలు గుడారాన్ని నాలుగు మడతలు వేసి ఆ నేల మీద పెట్టుకున్నాడు. నేను వద్దన్నాను. "ప్రసంగం ఆదివారం చెప్పు" అన్నాడు. అకాల వాన ఒకటి పడి రాయి చెమర్చింది. మొన్న గుడారం విప్పితే మడత మడతకూ పచ్చటి బూజు, గీత వెంబడి చిరుగు. ఇసుక మీద ఇల్లు కట్టినవాడిని బుద్ధిహీనుడన్నారు. రాతి మీద తోలు మడిచినవాడిని ఏమనాలి?

ఆదివారం గని గట్టు మీద ప్రసంగిస్తాను. కంఠం చించుకుంటాను. మనవాళ్ళే గాక వేరే ఊళ్ళవాళ్ళూ వచ్చి కూర్చుంటారు, ఆమేన్ అంటారు, లేచిపోతారు. తర్వాత నా మాటే ఎదురు గోడకు తగిలి తిరిగి నా చెవిలో పడుతుంది. అరిచేవాడికి ఎంత నిశ్శబ్దం ఉంటుందో అరవనివాళ్ళకు తెలియదు. గేరిలో ఆదివారం కూటం ఆపవద్దు. అక్కడ పాట సాగుతోందనుకుంటేనే నాకు ఇక్కడ సమ్మెట లేస్తుంది.

అమ్మ మోకాళ్ళ మాట నువ్వు రాయలేదు. నొప్పి ఎలా ఉంది? నేను ప్రతి పూటా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
నీ లేవి

*

కోసిగి,
మే

ప్రియమైన నా పెనిమిటికి,

తోలు బాగుంది. మెడ దగ్గర తెల్లగా చిన్న బూజు మచ్చ కనిపిస్తే పొడి గుడ్డతో తుడిచి, నీడలో పొద్దంతా గాలికి ఉంచాను. తడి గుడ్డ వాడలేదు. చుట్టలో వేపాకు పెట్టాను.

ఈసారి తోక కొస పట్టుకున్నది ఒక్క మాట మాట్లాడలేదు. ఎంత లాగితే అంత బిగువు. అలసిపోవడం లేదు, తిట్టడం లేదు.

అయ్యన్నవాళ్ళు ఆదోని పోయినారు. పోయే ముందు ఉరుకుందమ్మ తన పొయ్యిలో నిప్పు తెచ్చి నా పొయ్యిలో వేసింది. "ఆరిపోనీయొద్దు వదినా, వచ్చినాక నీ కాడనే అడుక్కుంటా" అంది.

కూటం ఆపలేదు. పాట ఎత్తుకునేది నేనే, అందుకునేది నేనే.

అత్త మోకాళ్ళు అడిగావు. అత్తకు ఇప్పుడు ఏ నొప్పీ లేదు.

బావిలో గులకరాయి రోజూ పడుతోంది. టక్కుమనే అంటోంది.

ఇట్లు,
రూతు

*

బేతంచెర్ల,
మే నెలాఖరు

ప్రియమైన రూతమ్మకు,

అమ్మ మాట్లాడలేదా? తిట్టలేదా? బిలాము గాడిద నోరు తెరిచి మాట్లాడిన తర్వాత ఇంతటి అద్భుతం మళ్ళీ జరగలేదు! నీ జాబు చదివి నేనూ, నాతో రాళ్ళు మోసే మన గేరి దావీదురాజూ కడుపు పట్టుకుని నవ్వాం. ఉరుకుందమ్మ పోయినందుకు అలిగి ఉంటుంది. రెండు రోజులు చూడు, వడ్డీతో సహా తిడుతుంది.

మోకాళ్ళ నొప్పి పోయిందన్న మాటకు నేను నేల మీద సాగిలపడ్డాను. ఆదివారం అందరి ఎదుటా సాక్ష్యం చెప్పాను. "ఇన్నేళ్ళ నొప్పి, ఒక్క ప్రార్థనతో పోయింది" అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు.

వచ్చే జాబులో అమ్మ మాటలు రెండు, ఆమె అన్నవి అన్నట్టే రాయి. తిట్లయినా సరే. తిట్లయితే ఇంకా మంచిది.

ఇట్లు,
సంతోషంతో నీ లేవి

*

బేతంచెర్ల,
జూన్

రూతమ్మా,

నీ దగ్గర నుంచి జాబు లేదు. రోజూ టపా మనిషి దారి చూస్తున్నాను.

నిన్న నేనూ దావీదురాజూ ఒక పెద్ద నాపరాయి ఎత్తాం. ఈ కొస నేను, ఆ కొస వాడు. వాడు గసపెట్టాడు, తిట్టాడు, జారుతోందని అరిచాడు, దించాక నవ్వాడు. అవతలి కొసన మనిషి ఉంటే చప్పుడు ఉంటుంది. అప్పటికప్పుడు వచ్చి నీ పాత జాబు తీసి మళ్ళీ చదివాను.

వాక్యం ఏదీ రాయడం లేదు. రావడం లేదు. ఒక్కటే అడుగుతున్నాను.

తోక కొస పట్టుకున్నదెవరు?

లేవి

*

కోసిగి,
జూలై

ప్రియమైన నా పెనిమిటికి,

పట్టుకున్నది గుంజ. మన పంచలో గుంజ.

అయ్యన్నవాళ్ళు పోయిన తర్వాతి వారం అత్త ఎప్పటిలాగే బావి కాడికి పోయింది. గులకరాయి వేసిన చప్పుడు నాకు ఇంటికి వినిపించింది. తిట్టు వినిపించలేదు. పోయి చూస్తే గట్టుకు ఆనుకుని కూర్చుని ఉంది. ఇంకో రాయి చేతిలోనే ఉంది. అంతే.

ఇంట్లో ఊరివాళ్ళు పోసిన నీళ్ళు ఒక్క కుండ ఉన్నాయి. తాగడానికా, అత్తను కడగడానికా అని నిలబడిపోయినాను. కడిగినాను.

ఖాసిం సాహెబ్ బండి ఆ దారినే పోతూ ఆగింది. ఆయనా బండి తోలే శేషన్నా గుంత తవ్వినారు. నేను మన ప్రార్థన చెప్పినాను, ఆయన పక్కకు నిలబడి తన ప్రార్థన చెప్పుకున్నాడు. "అవ్వ శానా గట్టి బేరగత్తె. నా దగ్గర ఒక్కసారి కూడా ఓడిపోలేదు" అన్నాడు. తోలు మాట ఎత్తలేదు. ఒక ముంత జొన్నలు గడప దగ్గర పెట్టి వెళ్ళిపోయినాడు.

నీకు ఎందుకు రాయలేదంటావు. రాస్తే నువ్వు లేస్తావు. నువ్వు లేస్తే నీ వెనక గేరి లేస్తుంది, నీ గొంతు అటువంటిది. వచ్చి ఎండిన బావి చుట్టూ కూర్చుని ఏం తింటారు? అందుకని అబద్ధం రాయలేదు, నిజమూ రాయలేదు. నొప్పి లేదని రాసినాను. నువ్వు సాక్ష్యం చెప్పినావని తెలిసినాక నాకు కలం పట్టడానికి చెయ్యి రాలేదు.

గేరిలో ఇప్పుడు నేను ఒక్కదాన్నే. సాయంత్రం పొగ ఒకటే. ఉరుకుందమ్మ నిప్పు ఆరనివ్వలేదు. గట్టిగా మాట్లాడాలనిపిస్తే తోలుతో మాట్లాడతాను. విప్పేటప్పుడు తోక కొసను గుడ్డతో గుంజకు కడతాను. తాడు వాడితే కోసుకుపోతుంది. నడుమ కుంగకుండా తోలు కింద అత్త మంచం వేసుకుంటాను. నేను మెడ కొస నుంచి దుంగ తిప్పుకుంటూ గుంజ దాకా నడుస్తాను. అత్త మంచం మీదుగానే పోతుంది గదా, అత్త కూడా ఒక చెయ్యి వేసినట్టే. నువ్వు వచ్చి చూసుకో, ఒక్క మడత లేదు.

అత్త వేసినట్టే రోజూ రాయి వేస్తున్నాను. పడమట రెండు పెద్ద వానలు పడినాయి, మనకు తుంపరే. మొన్న పొద్దున రాయి వేస్తే టక్కుమనలేదు.

బుడుక్ అంది.

నాకు అర్థం కాలేదు. ఇంకోటి వేసినాను. బుడుక్. వంగి చూస్తే కింద నా తల కదులుతోంది. తిట్టడానికి అత్త లేదు. నేనే తిట్టినాను. "థూ, సోంబేరీ! ఇప్పుడా లేసేది?" అన్నాను. గట్టు మీద కూర్చుని ఏడ్చినాను. నీళ్ళు పైకి వస్తానే ఉన్నాయి.

నా ఒక్కదానికి చేద చాలు. కానీ చేదతో గొంతు తడుస్తుంది, చేను తడవదు. విత్తనం వేసే అదును పోతాంది. బాన కుట్టడానికి గుంజ పనికిరాదు. మడత పెట్టవద్దన్నావు, పెట్టలేదు. నీళ్ళు తాకనివ్వవద్దన్నావు, తాకనివ్వలేదు. యజమాని ఇచ్చిన తలాంతు సొమ్మును భూమిలో పాతిపెట్టి దాచిన పనివాడి కథ నువ్వే గదా చెప్పింది? వాడు కూడా బాగానే దాచినాడు. ఇంకా ఎంతకాలం దాచమంటావో చెప్పు.

ఇట్లు,
మెడ కొస పట్టుకున్న
నీ రూతు

*

బేతంచెర్ల,
జూలై

ప్రియమైన రూతమ్మకు,

గని గట్టు మీద నిలబడి నీ జాబు గట్టిగా చదవడం మొదలుపెట్టాను. మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. దావీదురాజు నా చేతిలోంచి తీసుకుని కూడబలుక్కుంటూ మిగతాది చదివాడు.

నీ మీద కోపం వచ్చింది. మా అమ్మ గుంతలో నా పిడికెడు మన్ను పడకుండా చేశావు. ఆ కోపం పోయిందని రాయను, పోలేదు. వచ్చాక పోట్లాడతాను. పోట్లాడటానికి ఇద్దరుండాలి. అది కూడా ఒక్కరి పని కాదు.

చదవడం అయ్యాక అందరూ నా వైపు చూశారు. ప్రసంగించడానికి నోరు తెరిచాను. ఇన్నేళ్ళు అడగకముందే వచ్చిన వాక్యాలు ఒక్కటి కూడా రాలేదు. "బుడుక్" అన్నాను. అంతే. నా జన్మలో అంత పొట్టి ప్రసంగం చేయలేదు. దానికి లేచినట్టు మనవాళ్ళు దేనికీ లేవలేదు.

మధ్యలో పోతే మళ్ళీ ఈ గనిలో అడుగు పెట్టనివ్వనని మేస్త్రీ చెప్పాడు. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. వెనక్కి చూసి ఉప్పుస్తంభమైన లోతు భార్య కథ మనవాళ్ళకు బాగా తెలుసు. దావీదురాజు ముందు రైలుబండికే ఆదోని పోయాడు, అయ్యన్ననూ ఉరుకుందమ్మనూ లేపి తీసుకురావడానికి. ఆమె నిప్పు ఆమెకు సిద్ధంగా ఉంచు. కపిలకు ఎద్దులు లేవని దిగులు పడవద్దు. కాడి కింద పెట్టడానికి మాకు భుజాలున్నాయి.

ఇప్పుడు విను. నీళ్ళు ఒక్క చుక్క తగలనివ్వవద్దన్న ఈ నోటితోనే చెబుతున్నాను. తోలును నీళ్ళలో వెయ్యి.

పాత లంద తొట్టి ఎండి ఉంది గదా, దాన్ని ఊడ్చి, మన బావి నీళ్ళు చేదతో తోడి నింపు. తోలు విప్పవద్దు. దుంగతో సహా దొర్లించుకుంటూ తీసుకుపో. చుట్ట కాబట్టి నీ ఒక్కదానికీ దొర్లుతుంది. మడతైతే కదిలేది కాదు. ఒక పగలూ ఒక రాత్రీ నానితేనే కుట్టే ఆరె మొన దిగుతుంది, తోలు బాన మాట వింటుంది.

నానిన తోలు ఎవరి కోసమూ ఆగదని నీకు తెలుసు. కుట్టే చేతులు సమయానికి రాకపోతే చెక్కలా బిగుసుకుపోతుంది, ఇన్నాళ్ళ నీ కాపలా ఒక్క రోజులో పోతుంది. మేము వచ్చి, కళ్ళతో చూశాక నానబెడదామని నీకు అనిపిస్తుంది. వద్దు! యొర్దాను నది పాయలుగా విడిపోయాక యాజకులు అడుగు వేశారా? అడుగు నీళ్ళలో పెట్టాకే గదా నది విడిపోయింది! ఈ జాబు నీ చేతిలో పడే వేళకు మేము గుంతకల్లులో బండి మారుతుంటాం. మేము వచ్చేసరికి తోలు నాని ఉండాలి. అదును దాటుతోంది, ఇంకో రోజు లేదు.

గుంజకు కట్టిన గుడ్డ విప్పెయ్యి. దాని పని అయిపోయింది.

ఇట్లు,
తోక కొస పట్టుకోవడానికి వస్తున్న
నీ లేవి

ఈ జాబును మళ్ళీ మొదటి నుంచి చదువుతూ కూర్చోవద్దు. రేపు అనవద్దు. లే రూతమ్మా, చేద ముంచు. ఈరోజే నానబెట్టు.